అవతలి జెండా

ఆఖరి బండికి కర్ర ఇచ్చాక ఇంకొక్క బండిని కూడా వదలకూడదు. ఆ రోడ్డు మీద సంధ్యకు అప్పగించిన పనంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

పలాస నుంచి సముద్రం వైపు వెళ్లే రోడ్డును వెడల్పు చేస్తున్నారు. కొబ్బరితోటల మధ్య రోడ్డు వంపు తిరిగే చోట పాత కల్వర్టును సగం పగలగొట్టి, పక్కన మనిషి లోతు గొయ్యి తవ్వారు. మిగిలిన సగం మీద ఒకసారికి ఒకవైపు బండ్లే వెళ్లాలి. పలాస వైపు చివర జెండా పట్టుకుని సంధ్య నిలబడేది. సముద్రం వైపు చివర తవిటయ్య. మధ్యలో వంపు, జీడిచెట్లు, కంకర గుట్టలు. ఒకరికొకరు కనబడరు. కేకేసినా వినబడదు.

అందుకని కర్ర. మూరెడు పొడవు, చివర ఎర్రగుడ్డ చుట్టి ఉంటుంది. సంధ్య తన వైపు బండ్లను కొన్నింటిని వదిలి, ఇక చాలనుకున్నప్పుడు ఆఖరున పోయే మనిషి చేతికి ఆ కర్ర ఇచ్చేది. అతను వంపు దాటి దాన్ని తవిటయ్యకు అందిస్తే, ఇటునుంచి ఇక ఎవరూ రారని అర్థం. అప్పుడు తవిటయ్య పచ్చజెండా ఊపి తన వైపు వాళ్లను వదిలి, తన ఆఖరి బండితో ఆ కర్రనే వెనక్కి పంపేవాడు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆ కర్ర అటూ ఇటూ తిరుగుతూనే ఉండేది. దాంతోపాటు మాటలు కూడా. "మీ మావ ఇమ్మన్నాడు" అంటూ ఏ సైకిలు మనిషో కర్రతోపాటు రెండు పనసతొనలు ఆకులో చుట్టి సంధ్య చేతిలో పెట్టిపోయేవాడు. "ఎండగుంది, తువ్వాల తడుపుకోమను" అని సంధ్య కబురంపేది. తవిటయ్య ఆమెకు చుట్టమేమీ కాదు. పనిలో చేరిన మొదటిరోజే మావా అని పిలిచింది. ఆయన పలికాడు. అంతే.

ఆ పొద్దున జీడిపప్పు ఫ్యాక్టరీల వేళ. సంధ్య పాల వ్యానుకు కర్ర ఇచ్చి పంపేసింది. ఎర్రజెండా రెండు చేతులా పట్టుకుని రోడ్డు మధ్యకు వచ్చి నిలబడింది. వెనక ఆగిన ఆటోల్లోంచి ఒకావిడ తల బయటపెట్టి, "ఓలమ్మీ, ఇంకెంతసేపే?" అంటోంది.

అప్పుడు ఆటోలన్నిటినీ పక్కకు తప్పించుకుంటూ తెల్లకారు ముందుకొచ్చింది. నాగేంద్రబాబుగారి కారు. చుట్టుపక్కల తోటలు సగం ఆయనవే. రోడ్డుకు కావలసిన కంకర పోసుకున్నది కూడా ఆయన స్థలంలోనే. సంధ్య పనిలో చేరినప్పుడే సూపర్‌వైజరు మహీధర్ ఆ కారును చూపించి, "ఆ బండిని మాత్రం గుర్తుపెట్టుకోమ్మా" అన్నాడు. ఆపమనీ చెప్పలేదు, వదలమనీ చెప్పలేదు. గుర్తుపెట్టుకోమన్నాడు.

కారు లైట్లు ఒకసారి వెలిగించి ఆర్పింది. హారను కూడా కొట్టలేదు. సంధ్య వంపు వైపు చూసింది. పాల వ్యాను అప్పుడే చెట్ల చాటుకు పోయింది. వెంటనే వెళితే దాని వెనకే దాటిపోతుందిలే అనుకుంది. అనుకునేసరికే చేతిలోని జెండా కిందికి దిగింది, కాళ్లు పక్కకు జరిగాయి. కారు వెళ్లిపోయింది. ఆటోలో ఆవిడ, "మాకైతే అడ్డం నిలబడతాది" అని గొణిగింది.

కారు వ్యాను వెనకే దాటిపోలేదు. మధ్యలో తన తోట దగ్గర ఆగింది. కొబ్బరికాయలు దింపుతున్న వాళ్లతో నాగేంద్రబాబు ఏదో మాట్లాడాడు. అవతల పాల వ్యాను వాడు తవిటయ్య చేతిలో కర్ర పెట్టి తన దారిన పోయాడు. తవిటయ్య పచ్చజెండా ఊపాడు. ముందున్నది అజయ్ మోటారుసైకిలు. వెనక భార్య హేమ, ఒళ్లో అన్నం క్యారేజీతో. ఫ్యాక్టరీకి ఆలస్యమవుతోందని అజయ్ వేగంగానే బయల్దేరాడు. వంపులో కారు ఎదురైంది.

సంధ్యకు వినబడినది బ్రేకు చప్పుడు, దాని వెనక గొయ్యి అంచున అడ్డం పెట్టిన రేకు డ్రమ్ములు దొర్లిన మోత. జెండా అక్కడే పడేసి పరిగెత్తింది.

అజయ్ రోడ్డు మీదే పడ్డాడు. మోచేతులు చీరుకుపోయాయి. బండి, హేమ గొయ్యిలో ఉన్నారు. హేమ కుడికాలు మోకాలి కింద, కాలు తిరగకూడని వైపు తిరిగి ఉంది. ఆ పిల్ల ఏడవడం లేదు, కాలు వైపు చూస్తోంది. అవతలి వైపు నుంచి తవిటయ్య ఆయాసపడుతూ వచ్చాడు. పచ్చజెండా చంకలో ఉంది, కర్ర చేతిలో ఉంది.

అజయ్ లేచి ఆయన్ని చూశాడు. "కారు ఎదురొస్తంటే ఎలగ ఒగ్గినావురా?" అంటూ చెంప మీద కొట్టాడు. తవిటయ్య తల పక్కకు తిరిగింది. అంతమందిలో ఎవరూ అజయ్‌ను పట్టుకోలేదు. కాసేపటి తర్వాత తవిటయ్యే కర్ర చంకలో పెట్టుకుని, గొయ్యిలోకి దిగి, హేమ తల కింద చేయి పెట్టాడు.

నాగేంద్రబాబు కారు దిగాడు. చొక్కాకు మట్టి అంటుకుంటున్నా చూసుకోకుండా తనూ ఒక చేయి వేసి హేమను పైకి తెచ్చాడు. వెనక సీట్లో పడుకోబెట్టి, అజయ్‌ను ఎక్కించుకుని, కారును పలాస వైపు తిప్పించాడు. జనం దారిచ్చారు. "బాబుగోరు కాబట్టి అలగ తీసుకెల్లినాడు. ఇంకొకడైతే పారిపోయును" అన్నారు.

మహీధర్ మోటారుసైకిలు మీద వచ్చేసరికి ఈ మాటలే నడుస్తున్నాయి. కుర్రవాడు, విశాఖపట్నం వైపు వాడు. ముఖం పాలిపోయి ఉంది. ముందు గొయ్యిలోకి చూశాడు, తర్వాత తవిటయ్య వైపు.

"కర్ర అందింది బాబూ. అందినాకే ఒగ్గినాను" అన్నాడు తవిటయ్య. కర్ర ముందుకు చాపి చూపించాడు.

మహీధర్ ఆ కర్రను చూడలేదు. సంధ్య వైపు తిరిగాడు. "కర్ర ఇచ్చాక ఎవరినైనా వదిలావా?"

చుట్టూ జనం. ఆటోలో గొణిగిన ఆవిడ అక్కడ లేదు. పాల వ్యాను ఏ ఊరు చేరిందో తెలియదు. తవిటయ్య ఆమెనే చూస్తున్నాడు. ఆ చూపులో అనుమానం లేదు, భయమూ లేదు. ఆమె నిజం చెబుతుందని ఎదురుచూస్తున్నాడంతే.

"నేదు సార్" అంది సంధ్య.

తవిటయ్య చాపిన చేయి కాసేపు అలాగే ఉంది. తర్వాత కర్రను, పచ్చజెండాను కల్వర్టు గోడ మీద ఒకదాని పక్కన ఒకటి పెట్టాడు. నారింజరంగు జాకెట్టు విప్పి, మడిచి, వాటి మీద పెట్టాడు. ఎవరూ పొమ్మనకముందే నడుచుకుంటూ తన ఊరి వైపు వెళ్లిపోయాడు.

మర్నాడు వాకీటాకీలు వచ్చాయి. ఎన్నాళ్లుగానో అడుగుతుంటే రానివి, ఒక్క రాత్రిలో వచ్చాయి. తవిటయ్య స్థానంలోకి దానయ్య అనే మనిషి వచ్చాడు. మీట నొక్కి "ఒగ్గుతన్నాను" అనేవాడు. ఇటునుంచి సంధ్య "ఒగ్గు" అనేది. కర్రతో ఇక పని లేదు. సంధ్య రోజంతా నిలబడింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఎర్రజెండా అడ్డం, పచ్చజెండా పక్కకు. టిప్పర్లు లేపిన దుమ్ము కొంగులోంచి కూడా నోట్లోకి వచ్చింది.

బండ్లు ఆగినప్పుడల్లా జనం అదే మాట్లాడుకున్నారు. "ముసిలోడికి కళ్లు ఆనవంట. అలాటోడికి జెండా ఎందుకిచ్చినారో" అంది చేపల బుట్టతో వెళ్తున్న ఒకామె. పక్కామె, "అజయ్ తల్లి నూకమ్మకి ఆడు అన్నే కదే, వరసకి. సొంత మనిషే ఇలగ సేత్తే!" అంది. సంధ్య ముఖం తిప్పుకుని, ఆగి ఉన్న లారీ నంబరు చదువుతున్నట్టు నిలబడింది.

ఇంటికెళ్లాక భర్త విజయ్‌తో చెప్పింది. తాపీపని చేసి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. చెంబు కింద పెట్టి అంతా విన్నాడు. "ఇప్పుడు సెప్తే ఏటవుద్ది? ఆ పిల్ల కాలు అతుక్కుంటాదా? ఊరుకో" అన్నాడు. కోప్పడలేదు. ఆమె మంచి కోసమే అన్నాడు. అన్నం తింటున్నంతసేపూ సంధ్యకు "నేదు సార్" అన్న మాటే వినబడింది. ఆ మాట అనడానికి ఏమాత్రం కష్టపడలేదు తను. దాహం వేస్తోందా అంటే లేదన్నట్టు అనేసింది. అదే ఆమెకు మింగుడు పడలేదు.

ఆ మరుసటిరోజు ఎండ దిగుతున్న వేళ, అవతలి నుంచి బండ్లు వస్తుండగా సంధ్య ఎర్రజెండా పట్టుకుని ఉంది. ఇటువైపు ఆగిన వరుసలో చివర ఒక సైకిలు వచ్చి ఆగింది. వెనక కొబ్బరిపీచు మోపు. తవిటయ్య. అందరిలాగే కాలు కింద పెట్టి నిలబడ్డాడు. మిగతా సైకిళ్ల వాళ్లు పక్కనుంచి దూరిపోదామని చూస్తున్నారు. ఆయన మాత్రం ముందున్న ఆటో వెనక, ఉన్నచోటే ఉన్నాడు. చూపు జెండా మీద ఉంది. జెండా పట్టుకున్న మనిషి మీద లేదు.

సంధ్య ఉండబట్టలేకపోయింది. ఆ పక్కనే కంకర ఎత్తుతున్న మనిషిని పిలిచి జెండా పట్టుకోమని, వరుస చివరికి నడిచింది.

"మావా."

తవిటయ్య హ్యాండిలు మీది చేతులు చూసుకున్నాడు. చెంప మీద ఏ గుర్తూ లేదు. గడ్డం పెరిగింది.

"తప్పు నాదే మావా. వ్యాను ఎల్లినాక కారుని నానే ఒగ్గేసినాను. మహీధర్ సార్ అడిగితే నోట్లోంచి అబద్ధం వచ్చీసింది. బయ్యమేసీసింది మావా."

"తెల్సు" అన్నాడు తవిటయ్య.

"నువ్వు తిట్టు. కొట్టు. ఏదో ఒకటి సెయ్యి."

ఆయన అప్పుడు తల ఎత్తాడు. గొంతు పెంచలేదు. ముందు ఆటోవాడికి కూడా వినబడనంత నెమ్మదిగా అన్నాడు.

"నాకు సెప్తావేటి పిల్లా? నాకు తెల్సిందే కదా. ఇంట్లో నా కోడలు పిల్ల నాకు నీల్లివ్వడానికి కూడా మొకం సూడ్డం నేదు. నూకమ్మ దారిలో ఎదురై ఉమ్మీసింది. ఆలకి సెప్పు. తెలీనోల్లకి సెప్పు."

వాకీటాకీలో దానయ్య గొంతు వినబడింది. కంకర మనిషి కంగారుగా పచ్చజెండా ఊపాడు. వరుస కదిలింది. తవిటయ్య పెడలు మీద బరువు మోపి, మోపు ఊగుతుండగా ముందుకు సాగిపోయాడు.

మర్నాడు సంధ్య పనికి సెలవు పెట్టి పలాస వెళ్లింది. ఆసుపత్రి మెట్ల కింద కొబ్బరిబొండాలు అమ్ముతుంటే రెండు కొంది. కొన్నాక, వాటిని ఏ ముఖంతో ఇవ్వాలా అని మెట్ల మీద నిలబడిపోయింది. చివరికి చేతిలో ఊగుతుండగానే లోపలికి వెళ్లింది.

హేమ మంచం మీద పడుకుని ఉంది. కాలులో కడ్డీ వేసి, కట్టు కట్టి, కింద దిండు పెట్టారు. నూకమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అజయ్ కిటికీ దగ్గర.

"రా అక్కా" అంది హేమ. జెండా పట్టుకునే మనిషిగా సంధ్య ఆమెకు తెలుసు. రోజూ ఆగి, రోజూ చెయ్యి ఊపి పోయేది. "సూడక్కా, ఈ కాలు మడత పడ్డానికి నెలలు పడతాదంట. ఫ్యాక్టరీలో కింద కూకుని కదా జీడిపప్పు ఒలవాల. కుర్చీ ఎవులిస్తారు?" నవ్వడానికి ప్రయత్నించింది.

నూకమ్మ అందుకుంది. "మా అన్న కాదే ఆడు, శనిగాడు. బాబుగోరు దేవుడిలాగ వచ్చి మోసుకొచ్చినాడు. నిన్న కూడా పళ్లు పంపించినాడు."

సంధ్య కూర్చోలేదు. బొండాలు కూడా కింద పెట్టలేదు. నిలబడే చెప్పింది. వ్యానుకు కర్ర ఇవ్వడం, కారు రావడం, తాను పక్కకు జరగడం, మహీధర్‌కు అబద్ధం చెప్పడం. అదీ ఇదీ కలపకుండా జరిగింది జరిగినట్టు చెప్పింది. "ఆయన తప్పేటీ నేదు. కర్ర అందినాకే ఒగ్గినాడు. నమ్మి ఒగ్గినాడు. నానే" అని ఆగింది.

అజయ్ తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, అరచేయి పైకి తిప్పి చూసుకున్నాడు.

"ఇప్పుడా అక్కా సెప్పడం?" అన్నాడు. "పెద్దాయన. నా తండ్రి ఈడోడు. అందరి ముందూ కొట్టీసినాను. ఆరోజే నువ్వు ఒక్క మాట అనుంటే..."

నూకమ్మ లేచి, సంధ్య దగ్గరకు వచ్చి, ముఖంలోకి చూసింది. కొడుతుందనుకుంది సంధ్య. నూకమ్మ కొట్టలేదు. కొంగుతో నోరు మూసుకుని, "ఉమ్మీసినాను కదే నాను. అన్న మొకం మీద ఉమ్మీసినాను కదే" అని గోడ వైపు తిరిగింది.

హేమ మాత్రం సంధ్యను చాలాసేపు చూసింది. "నువ్వు ఎల్లిపో అక్కా" అంది చివరికి. "కోపంతో అనడం నేదు. నిన్ను సూత్తంటే కాలు నొప్పెడతంది. ఎల్లిపో."

సంధ్య బొండాలతోనే తిరిగివచ్చింది. బస్టాండులో ఎవరో ముసలమ్మ ఒళ్లో పెట్టేసింది.

నూకమ్మ ఆ సాయంత్రమే ఊరెళ్లిందనీ, ఆసుపత్రిలో కట్టుకున్న చీరతోనే తవిటయ్య గుమ్మంలో కూలబడి ఏడ్చిందనీ, అజయ్ వెళ్లి ఆయన కాళ్లు పట్టుకున్నాడనీ సంధ్యకు రోడ్డు మీదే తెలిసింది. ఆగిన బండ్ల వాళ్లే చెప్పుకున్నారు. ఇప్పుడు గొంతు తగ్గించి, ఆమెను చూస్తూ. చేపల బుట్టామె మాత్రం గొంతు తగ్గించలేదు. "నువ్వు కడుపుకి అన్నమే తింటన్నావేటే?" అని అడిగేసి, పచ్చజెండా ఊపగానే ఆటో ఎక్కి పోయింది.

మహీధర్ మధ్యాహ్నం వచ్చాడు. కల్వర్టు నీడలో ఆమెను పక్కకు పిలిచాడు. ఏదో చేతకాని పని చేయవలసి వచ్చినవాడిలా హెల్మెట్టు తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"విన్నాను" అన్నాడు. "నాకు ఆ రోజే అనుమానం వచ్చింది. కర్ర ఆయన చేతిలో ఉంది కదా. కానీ నువ్వు లేదన్నావు. నాకూ అదే తేలిక అనిపించింది." వంపు వైపు చూసి, "దానయ్యకు ఫోను చూసుకోవడం తప్ప ఏమీ రాదు. నిన్న టిప్పరును వదిలేశాడు, అదృష్టం కొద్దీ గుద్దుకోలేదు. తవిటయ్యగారిని మళ్లీ రమ్మంటున్నాను. నువ్వూ ఉండు. ఇద్దరూ పాతలాగే ఉండండి."

సంధ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పాతలాగే అన్న మాటకు. మహీధర్ అక్కడే ఫోను కలిపాడు. ఆమె కూడా వినాలని కాబోలు, స్పీకరు పెట్టాడు.

తవిటయ్య గొంతు దూరం నుంచి వచ్చింది. వెనక కోళ్ల అరుపులు. మహీధర్ పొరపాటైపోయిందన్నాడు, రేపటినుంచి రమ్మన్నాడు, వాకీటాకీలు కూడా వచ్చాయన్నాడు.

"ఆ సివర ఎవులుంటారు బాబూ?"

"సంధ్యే ఉంటుంది."

"అయితే నాను రాను బాబూ."

మహీధర్ సంధ్య వైపు చూసి స్పీకరు ఆపబోయాడు. సంధ్య వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇంకా కోపంగా ఉందా?" అన్నాడు మహీధర్.

"కోపం కాదు బాబూ. ఆ పిల్ల మంచిదే. నాకు బిడ్డలాటిదే. వచ్చి అందరికీ సెప్పుకున్నాది, ఇంకేటి సేత్తాది? కానీ పెద్ద బండి వత్తే దానికి బయ్యం. నాకూ బయ్యమే అనుకో. కాని అవతలి మనిషి బయ్యపడి ఒగ్గీస్తాదని ఒకసారి తెల్సిపోయినాక, ఇవతల జనాన్ని నాను ఎలగ ఒగ్గుతాను? పచ్చజెండా ఎత్తినప్పుడల్లా ఆ హేమ కాలే కనబడతాది. సెయ్యి ఆడదు బాబూ." ఆగి, మెల్లగా, "ఇంకెవుల్నైనా పెట్టుకో. నాకు పీచు పనుంది" అన్నాడు. ఫోను పెట్టేశాడు.

మహీధర్ ఫోను జేబులో పెట్టుకుని నేల చూశాడు. సంధ్య కొంగుతో ముఖం తుడుచుకుంది. ఏడుపు రాలేదు. బిడ్డలాటిదే అన్న మాట, రానన్న మాట ఒకే గొంతులో, ఒకే నెమ్మదితో రావడం ఆమెను కదలనివ్వలేదు. తిడితే బాగుండేది. తిట్టిన మనిషి ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ పలుకుతాడు.

"రేపటినుంచి ఈ సివరకి వేరే మనిషిని సూసుకోండి సార్" అంది. "నాను ఉండనని సెప్పి ఆయన్ని పిలవండి. వత్తాడు."

"నువ్వేం చేస్తావు?"

"జీడిపప్పు ఫ్యాక్టరీకి పోతాను. పాత పనే." చేతులు చూసుకుంది. జీడినూనె మరకలు పూర్తిగా పోనేలేదు. "ఇయ్యాల మాత్రం సాయంత్రం దాకా ఉంటాను. మద్దిలో ఒగ్గీసి పోకూడదు కదా."

మహీధర్ తల ఊపి వెళ్లిపోయాడు.

ఎండ మెత్తబడింది. సంధ్య ఎర్రజెండా అడ్డం పట్టుకుంది. "ఒగ్గుతన్నాను" అన్నాడు దానయ్య. "ఒగ్గు" అంది. అవతలి బండ్లు రావడం మొదలుపెట్టాయి. ముందు ఒక లారీ, దాని వెనక సైకిళ్లు.

అప్పుడు పలాస వైపు నుంచి, ఆగి ఉన్న ఆటోలను తప్పించుకుంటూ, తెల్లకారు ముందుకొచ్చింది. ముందుభాగంలో ఆ రోజు పడిన సొట్ట అలాగే ఉంది. లైట్లు ఒకసారి వెలిగి ఆరాయి.

సంధ్య పక్కకు జరగలేదు. జెండా రెండు చేతులా పట్టుకుని, కారుకు సరిగ్గా ఎదురుగా నిలబడింది.

కారు ఆగింది.

డ్రైవరు ఇంజను ఆపేసి, చేతులు వెనక్కి విరుచుకుని ఆవులించాడు. వెనక అద్దం కిందికి దిగింది. నాగేంద్రబాబు ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, "ఎంతసేపమ్మా?" అన్నాడు.

"అవతలోల్లు వచ్చీయాల బాబూ."

"సరే, రానీ" అన్నాడు ఆయన. మళ్లీ ఫోనులో ఎవరితోనో కొబ్బరి ధర మాట్లాడుకోవడం మొదలుపెట్టాడు. ఆమె వైపు మరోసారి చూడలేదు. జెండా వైపు కూడా చూడలేదు.

అవతలి బండ్లు ఒక్కొక్కటే దాటిపోయాయి. లారీ, సైకిళ్లు, గడ్డిమోపుతో ఒక ట్రాక్టరు, ఫ్యాక్టరీ నుంచి ఆలస్యంగా వస్తున్నవాళ్లకు ఎదురు వెళ్తున్న ఎవరిదో మోటారుసైకిలు. "అయిపోయినాయి" అన్నాడు దానయ్య. సంధ్య పచ్చజెండా పక్కకు చాచింది. కారు, దాని వెనక ఆటోలు వెళ్లిపోయాయి. చప్పుడు తగ్గింది. దుమ్ము నెమ్మదిగా కిందికి దిగసాగింది.

సంధ్య జెండా పట్టుకుని ఆ వంపు వైపే చూస్తూ నిలబడింది. ఎవరూ కోప్పడలేదు, ఎవరూ దిగలేదు. ఆయనకు తొందర కూడా లేదు. ఆ పొద్దున కూడా బహుశా లేదు. ఆపితే ఆగే బండే అది.